ఎర డబ్బాలో పీతలు

కొండ మీద, సొరంగం పనివాళ్ళ మెస్సు,
వంటగది బల్ల దగ్గర,
సోమవారం

వదినా,

మూడుసార్లు ఫోను చేస్తే మూడుసార్లూ నా గొంతు వినగానే పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం. చింపెయ్యాలని ఉంటే చింపెయ్, కానీ చదివి చింపు.

ముందు తప్పు ఒప్పుకుంటాను. మీ అక్కయ్య ఇంట్లో భోజనాల దగ్గర, పన్నెండు మంది ముందు, "వదిన జుట్టుకి వెనకవైపు రంగు నేనే వేస్తాను, తనకి చెయ్యి అందదు" అన్నాను. మనిద్దరం ఎంత కలిసిమెలిసి ఉంటామో చెబుదామని మొదలుపెట్టాను. మీ అక్కయ్య గరిటె గాల్లో ఆపి నీ తలవైపు చూసేదాకా నేనేమన్నానో నాకే తెలియలేదు. పప్పులో కాలేశాను వదినా. ఇక్కడ ఎవరూ చూడకపోయినా లెంపలు వేసుకున్నాను.

ఇక అసలు సంగతి. ఇక్కడ కొండ తొలిచి సొరంగం వేస్తున్నారు. డెబ్భై మందికి వంట నాది. మంచు మొదలైతే రోడ్డు మూసేస్తారు, మళ్ళీ తెరవడానికి నాలుగు నెలలు. అందుకని ఇక్కడి వంటమనిషికి వండడం వస్తే చాలదు, నిలవ పెట్టడం కూడా రావాలి. నన్ను మూడు నెలలు చూస్తామన్నారు. ఆఖర్లో ముఖ్య ఇంజినీరమ్మగారు స్వయంగా కూర్చుని, కనీసం నెలన్నర నిలవ ఉన్న వంటకం ఒకటి తింటుంది. నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే కిందికి దిగే లారీ ఎక్కడమే.

ఆవిడ "ఏం పెడతావు?" అని అడిగింది. ఏ దుంపలో చెప్పి ఊరుకోవచ్చు కదా! మాది పీతల ఇల్లండీ, మా అన్నయ్య రేవులో వేలం వేస్తాడు, మా వదిన పీతల దుకాణం నడుపుతుంది, పీతలు పెడతాను, నిన్న పట్టినట్టుంటాయి అన్నాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఆ మాట పుస్తకంలో రాసుకుంది.

లారీలో ఒక బుట్ట తెప్పించి, ప్రాణంతో ఉన్నవాటిని అలాగే ఫ్రీజరులో పెట్టేశాను. బతికుండగానే గడ్డకడితే బతికున్నంత తాజాగా ఉంటాయనుకున్నాను. మనింట్లో పీత అంటే పొద్దున పట్టింది మధ్యాహ్నం తినడమే కదా, రెండో రోజు దాకా ఏ పీత మిగిలింది గనక! పదిహేను రోజుల తర్వాత ఒకటి తీసి ఉడికించాను. కండ డిప్పకి అతుక్కుపోయింది. గీకితే తడిసిన పిండిలా వచ్చింది. నోట్లో పెట్టుకుని, బయటికి వెళ్ళి ఉమ్మేశాను.

ఈ ఉద్యోగం పోతే నాకు పడవ టికెట్ల కిటికీ తప్పదు. ఆ కుర్చీ నాకోసం ఖాళీగా ఉంచమని అన్నయ్య చెప్పాడట, "నెల తిరక్కుండా వచ్చేస్తుంది" అన్నాడట. నాకు ఆ కిటికీ వద్దు వదినా. ఇక్కడ ఏడు పొయ్యిలున్నాయి, ఏడూ నావి. పుట్టాక మొదటిసారి ఒక గదిలో నేను చెప్పినట్టు జరుగుతోంది.

నీకేమైనా తెలిస్తే రాయి. తెలియకపోతే తిడుతూ అయినా రాయి.

నీ
వసపిట్ట


రేవు వీధి, పీతల దుకాణం,
తక్కెడ పక్కన,
గురువారం

వసపిట్టకి,

మాట్లాడనన్నాను, రాయనని అనలేదు. నా ఒట్టు ఒట్టుగానే ఉంది, నువ్వేం మురిసిపోకు.

పన్నెండు మంది కాదు, పద్నాలుగు మంది. మా అక్క కోడళ్ళిద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. మొన్న దుకాణానికి వచ్చినావిడ పీతలు బేరం చేస్తూ చేస్తూ, "ఏ రంగు వాడతారండీ?" అని అడిగింది. నీ నోట్లో నువ్వుగింజ నానదని నా పెళ్ళయిన వారానికే తెలిసింది. ఆడపడుచు అర్ధమొగుడంటారు. నాకు అసలు మొగుడే ఎక్కువ, ఈ అర్ధం కూడా ఎందుకు దేవుడా అనుకున్నాను.

అయినా ప్రాణంతో ఉన్న పీతల్ని ఫ్రీజరులో పెట్టావా తల్లీ! ఈ మాట బయట అనకు, రేవులో మన పరువు ఉండదు. మిగిలినవన్నీ పారెయ్. ఒక్కటి కూడా ఎవరికీ పెట్టకు.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా విను. పీతని ముందు ఉడికించాలి, తర్వాతే గడ్డకట్టించాలి. తెచ్చిన పీతల్లో కాళ్ళు ఆడించనివి ఉంటే పక్కన పారెయ్, జాలిపడకు. బతికున్నవాటిని అరగంట ఐసు ముక్కల్లో పడుకోబెట్టు. మత్తులోకి పోతాయి, లేకపోతే వేడినీళ్ళలో కాళ్ళు విదిలించి ఊడగొట్టుకుంటాయి. నీళ్ళు సముద్రమంత ఉప్పగా ఉండాలి. పీతలు వేశాక మళ్ళీ మరిగిందగ్గర నుంచి లెక్కపెట్టు. అరచేతంత పీతకి పన్నెండు నిమిషాలు, అంతకంటే పెద్దదైతే పదిహేను. తీసిన వెంటనే ఐసు నీళ్ళలో ముంచు, లేకపోతే తన వేడికి తానే ఉడికిపోతుంది. చల్లారాక పైడిప్ప ఎత్తు. లోపల దూది వేళ్ళలా బూడిదరంగువి ఉంటాయి చూడు, అవి పీకి పారెయ్. రెండుగా విరిచి, కడిగి, తుడిచి, కవరులో పెట్టి గాలంతా నొక్కేసి ఫ్రీజరులో పెట్టు.

ఇదంతా నాకెలా తెలుసని అడుగుతావు. ఐసు ఫ్యాక్టరీలో ఒకావిడ చెప్పింది. అంతకుమించి నాకు తెలియదు.

ఈ సంగతి మీ అన్నయ్య చెవిన పడకూడదు. ఆయన్ని రేవంతా "నాలుక" అని ఊరికే పిలుస్తోందా? ఒక ముక్క నోట్లో వేసుకుని, ఈ పీత నీళ్ళలోంచి వచ్చి ఎన్ని గంటలైందో చెబుతానంటారు. ఐసు తగిలిన పీతని పిల్లి కూడా ముట్టదని వేలం పాట మధ్యలో ఉపన్యాసం ఇస్తారు. ఆయన చెల్లెలు పీతల్ని ఫ్రీజరులో పెడుతోందని తెలిస్తే ముద్ద మింగరు.

ఇంకా నీ మీద కోపంగానే ఉన్న
వదిన


సొరంగం పనివాళ్ళ మెస్సు,
సరుకుల గదిలో, ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని,
శనివారం

కోపంగా ఉన్న వదినకి,

ఇంకో బుట్ట తెప్పించి నువ్వు చెప్పినట్టే చేశాను. ఐసులో పడుకోబెట్టాను. గడియారం ముందు పెట్టుకుని పన్నెండు నిమిషాలు ఉడికించాను. దూది వేళ్ళు పీకాను. ఆ రోజే ఒకటి తిన్నాను వదినా, సగం తిన్నాక వంటగదిలో ఒక్కదాన్నే నవ్వాను, అంత బాగుంది!

పదిహేను రోజులాగి కవరు విప్పాను. మొదటిసారంత ఘోరం కాదు, కండ డిప్పలోంచి వచ్చింది. కానీ పీచు పీచుగా ఎండిపోయింది. అంచులు తెల్లగా పాలిపోయాయి. పక్కన పెట్టిన ఉల్లికాడల వాసన కూడా పట్టేసింది. చూస్తే కవరు నిండా చిల్లులు. కాళ్ళ ముళ్ళు పొడిచేశాయి, ఆ సందుల్లోంచి గాలి దూరింది.

ఇంకో సంగతి. ఐసు ఫ్యాక్టరీలో ఆడవాళ్ళెవరున్నారు వదినా? ఆ గేటు ముందు నుంచే పదేళ్ళు బడికి వెళ్ళాను. ముగ్గురు మగవాళ్ళు, ఒక పిల్లి. పిల్లి ఆడదే అనుకో, అది నీకు పన్నెండు నిమిషాల లెక్క చెప్పిందా?

అరచేతంతకి పన్నెండు, పెద్దదానికి పదిహేను, మళ్ళీ మరిగిందగ్గర నుంచి లెక్క. ఇది ఎవరో చెబితే విన్నవాళ్ళు రాసే రాత కాదు. చేతులు కాల్చుకున్నవాళ్ళ రాత. నువ్వేదో దాస్తున్నావు.

పీతల వేట మూసే రోజు దగ్గరపడింది, ఆఖరి బుట్టలు ఈ వారమో పై వారమో. పరీక్షకి ఇంకా ఏడు వారాలే. ఇది పాడైతే మళ్ళీ ప్రయత్నించడానికి పీత ఉండదు, నేనూ ఇక్కడ ఉండను. నిన్న ఇంజినీరమ్మగారు నడవలో ఎదురై, "నీ పీతలు ఎలా ఉన్నాయి?" అంది. "నిద్రపోతున్నాయండీ" అన్నాను. నవ్వలేదు.

ఇంకో మెట్టేదో ఉంది, నాకు తెలుసు. చెప్పు వదినా. ఎవరికీ చెప్పను.

వసపిట్ట


రేవు వీధి, దుకాణం వెనక గది,
తలుపు గడియ పెట్టి,
మంగళవారం

వసపిట్టా,

"ఎవరికీ చెప్పను" అని నువ్వే అంటే నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. రెండు రోజులు ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏడు పొయ్యిలూ నావి అన్నావు చూడు, ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. అందుకే రాస్తున్నాను.

నా పెళ్ళయిన మొదటి ఏడాది, వేట మూసిన రెండున్నర నెలలూ మీ అన్నయ్య పళ్ళెం ముందు కూర్చుని, పీత లేదని కొండంత రాగం తీసేవారు. నెల తిరిగేసరికి చొక్కా వదులైపోయింది. వింటే నవ్వుకుంటావు, నాకు మాత్రం దిగులేసింది. రెండో ఏడు వేట మూసేముందు కొన్ని పీతలు దాచిపెట్టాను. పాడయ్యాయి. మళ్ళీ చేశాను, ఎండిపోయాయి. ఇంకోసారి చేశాను, కుదిరాయి. అప్పటినుంచి ఏడేళ్ళుగా వేట మూసిన కాలమంతా మీ అన్నయ్య తింటున్నవి ఐసు పీతలే. "ఆహా, పొద్దున నీళ్ళలో ఉన్నదే" అని వేళ్ళు నాకుతూ తింటున్నారు!

ఎక్కడివని అడక్కుండా ఉంటారా? వాగు అవతల ఒకాయన చెరువులో పీతలు పెంచుతాడని చెప్పాను. అంతే, ఆ చెరువాయన ఇంట్లో మనిషైపోయాడు. "ఎండలో వస్తాడు పాపం" అని మీ అన్నయ్య ఆయనకి గొడుగు పంపారు. మరో ఏడు చొక్కా పంపారు. ఆయన కూతురి పెళ్ళెప్పుడని అడుగుతుంటే, ఇద్దరూ మగపిల్లలే అని చెప్పాను. ఆ గొడుగూ ఆ చొక్కా నా బట్టల పెట్టె అడుగున ఉన్నాయి. ఒక అబద్ధానికి ఇంత కాపురం పెట్టాల్సి వస్తుందని తెలిస్తే నోరెత్తేదాన్నే కాదు.

ఇప్పుడు చివరి మెట్టు. ఇది ఎర చేపల్ని చూసి నేర్చుకున్నాను. మన దుకాణంలో ఎర చేపల్ని రేకు డబ్బాలో పెట్టి, మునిగేదాకా నీళ్ళు పోసి గడ్డకట్టిస్తాం కదా. నెలలైనా వాటి పొలుసు మెరుపు పోదు. పీతలకీ అదే. ముక్కల్ని డబ్బాలో ఒత్తుగా సర్ది, కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు పైకి ఒక వేలు లోతు వచ్చేదాకా పొయ్యి. నీళ్ళు గడ్డకడితే గాలికి దారి ఉండదు, ముళ్ళు పొడవడానికి కవరూ ఉండదు. తీసేటప్పుడు తొందరపడకు. ఫ్రిజ్జు కింది అరలో ఒక రోజంతా ఉంచు. కరిగాక మళ్ళీ ఉడికించకు, ఆవిరి మీద ఆరు నిమిషాలు చాలు.

నా డబ్బాలు దుకాణం ఫ్రీజరులో అడుగున ఉంటాయి, పైన "ఎర" అని రాసి. వేట లేని రోజుల్లో ఎర డబ్బా ఎవరు తెరుస్తారు?

ఈ లారీలోనే ఒక బుట్ట పంపుతున్నాను. ఒక్కొక్కటీ అడుగు డిప్ప నొక్కి చూసి, మెత్తగా లొంగినవన్నీ తీసేసి, గట్టివే ఏరాను. జాగ్రత్త.

ఇంత పెద్ద గుట్టు నీ చేతిలో పెడుతున్నాను. మీ అన్నయ్య గొప్పంతా ఆ నాలుకలో ఉంది. అది రట్టయితే ఆయన రేవులో తలెత్తుకోలేరు, నన్ను క్షమించరు. ఒక్క అక్షరం బయటికి వస్తే, రంగు సంగతికి మూడు నెలలు మాట్లాడలేదు, దీనికి మూడు జన్మలు మాట్లాడను.

వదిన


సొరంగం పనివాళ్ళ మెస్సు,
ఏడో పొయ్యి ముందు,
ఆదివారం

బంగారు వదినా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. చదివిన రోజు నవ్వి నవ్వి డొక్కలు నొప్పెట్టి, బస్తా మీద నుంచి కింద పడ్డాను. పోయిన ఏడాది నేనొచ్చినప్పుడు అన్నయ్య నాతో ఏమన్నాడో తెలుసా? "ఈ లోకంలో మంచివాళ్ళు మిగిలారంటే ఆ చెరువాయన ఒక్కడే" అన్నాడు! నేను కూడా అవునన్నాను!

నిన్న ఒక డబ్బా తీసి చూశాను. నువ్వు చెప్పినట్టు ఒక రోజంతా కరగనిచ్చి, ఆరు నిమిషాలు ఆవిరి పట్టాను. కాలు విరిస్తే కండ కాలంత పొడుగున జారి వచ్చింది. తియ్యగా ఉంది. నీరు కారలేదు, పీచు లేదు. డబ్బాలు ఇంకా తొమ్మిదున్నాయి. ఒక్కొక్కదాని మీదా తేదీ రాశాను. రోజూ పొద్దున ఒకసారి ఫ్రీజరు మూత ఎత్తి పలకరిస్తున్నాను.

పరీక్ష వచ్చే శుక్రవారం. కానీ ఒక పిడుగులాంటి కబురు. అన్నయ్య ఫోను చేశాడు, సగం మాటలు వినపడలేదు. వినపడినవి ఇవి: "పరీక్ష", "లారీ", "నేను", "రుచి". వదినా, ఆయన ఇక్కడికి వస్తున్నాడా? ఆయన ముందు ఐసు పీతలు పెట్టి, ఇవి ఐసు పీతలని ఇంజినీరమ్మగారికి చెప్పాలా? "నీకెవరు నేర్పారు?" అంటే నేనేం చెయ్యను? నా ముఖం అద్దం లాంటిది, నీకు తెలుసు.

ఆయన్ని ఎలాగైనా ఆపు.

కుడితిలో పడ్డ ఎలుక లాంటి
నీ మరదలు


రేవు వీధి,
లారీ బయల్దేరబోతుండగా, డ్రైవరు సీటు పక్కన నిలబడి,
బుధవారం

అమ్మాయ్,

ఆపలేకపోయాను. నాకు నడుం పట్టేసిందన్నాను. "పడుకో, తగ్గిపోతుంది" అన్నారు. ఇల్లు కారుతోందన్నాను. వాన లేదు. చెల్లెలి పరీక్షకి తాను లేకపోతే ఎలాగట. శుక్రవారం పొద్దున అక్కడ దిగుతారు.

నీతో ఫోనులోనే చెబుదామని ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. తీరా చూస్తే మీ కొండకి లైను దొరకలేదు. అందుకే ఈ చీటీ.

చచ్చినా నా పేరు ఎత్తకు.

పై మాట కొట్టేద్దామనుకున్నాను, కలం సరిగ్గా రాయడం లేదు. నీ ఉద్యోగం పోయేటట్టుంటే చెప్పెయ్యి. ఆయన కోపం నేను పడతాను. నువ్వు మాత్రం ఆ కిటికీ వెనక కూర్చోవద్దు.

వదిన


సొరంగం పనివాళ్ళ మెస్సు,
నా సొంత గది (తాళంచెవి ఇచ్చారు!),
ఆదివారం

వదినా,

ఉద్యోగం ఖాయం. ముందు అది చెప్పేస్తే నువ్వు నెమ్మదిగా చదువుతావని.

శుక్రవారం మధ్యాహ్నం పొడుగు బల్ల దగ్గర ఇంజినీరమ్మగారు, ఇద్దరు మేస్త్రీలు, తల దువ్వుకుని మన అన్నయ్య. నేను పీతలు తెచ్చి పెట్టాను. ఆవిడ ఇంకా కాలు విరవకముందే అన్నయ్య ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి వేలం గొంతుతో, "ఇది పొద్దున నీళ్ళలో ఉన్న పీత! ఇది చెరువాయన పీత! నా చెల్లెలి కోసం నా మిత్రుడు పంపించాడు!" అన్నాడు.

ఇంజినీరమ్మగారు చేతిలో ముక్క పళ్ళెంలో పెట్టేసింది.

"అంటే ఇవి తాజా పీతలా?" అంది నాతో. "నిలవ ఉన్నవి పెట్టమంటే తాజావి తెప్పించావా? మంచు పడ్డాక మీ చెరువాయన కొండెక్కి వస్తాడా?"

"కాదండీ, నెలన్నర కిందట నేను పెట్టినవే" అన్నాను.

"నువ్వుండు చెల్లీ" అన్నాడు అన్నయ్య, నన్ను కాపాడుతున్నాననుకుని. "అమ్మా, నా నాలుక ఇరవై ఏళ్ళుగా అబద్ధం చెప్పలేదు. ఇవి ఐసు మొహం చూడనివి."

చూశావా వదినా, నా పీతలు బాగున్నందుకు నా ఉద్యోగం పోయేలా ఉంది! మెచ్చుకుంటున్నవాడిని నోరు మూసుకోమనలేను, మూసుకోమనకపోతే లారీ ఎక్కాలి. మింగలేక కక్కలేక నిలబడ్డాను.

అందర్నీ ఫ్రీజరు దగ్గరికి తీసుకెళ్ళాను. మూత ఎత్తి డబ్బాలూ తేదీలూ చూపించాను. తేదీ ఇవాళైనా రాయొచ్చు అంది ఆవిడ. అప్పుడు నాకు ఎక్కడలేని మొండితనం వచ్చింది. "అయితే మీరే ఒక డబ్బా ఎంచుకోండి. మీ గదిలో ఫ్రిజ్జులో పెట్టి తాళం వేసుకోండి. రేపు మీ కళ్ళ ముందే ఆవిరి పడతాను. తేడా ఉంటే నేనే లారీ ఎక్కుతాను" అన్నాను. ఆవిడ వంగి, అన్నిటికంటే అడుగున ఉన్నది లాగింది.

శనివారం మళ్ళీ అదే బల్ల. డబ్బా ఆవిడే తెచ్చింది. ఆరు నిమిషాలు. ఆవిడ ఒక కాలు తింది, రెండో కాలు తింది, మూడోది కూడా తింది. తర్వాత పుస్తకం తెరిచి సంతకం పెట్టింది. "నువ్వే కనిపెట్టావా? ఎవరైనా నేర్పారా?" అంది.

అన్నయ్య నావైపు చూస్తున్నాడు. వదినా, నీ పేరు నాలుక చివర ఉంది. చెప్పాలని ఎంతగా అనిపించిందో! భయంతో కాదు, గొప్పగా చెప్పుకోవాలని. పద్నాలుగు మంది ముందు అనకూడనిది ఎలా అనేశానో, అలాగే అనేసేదాన్ని. పళ్ళు బిగబట్టుకుని, "మూడు బుట్టలు తెప్పించి, రెండు పాడుచేసి నేర్చుకున్నానండీ" అన్నాను. అందులో అబద్ధం లేదు కదా? నా నోట్లో నువ్వుగింజ నానింది వదినా, నానడం ఏమిటి, మొలకెత్తింది.

"అవునమ్మా, మా ఇంట్లో ఇలాంటివి ఎవరికీ తెలియవు" అన్నాడు అన్నయ్య.

పాపం, ఆయన ముఖం చిన్నబోయింది. తర్వాత ఇంకో రెండు ముక్కలు వేయించుకున్నాడు. సాయంత్రం నన్ను పిలిచి, కాగితం తీసి, "మెల్లగా చెప్పు, రాసుకుంటాను" అన్నాడు. నిమిషాలతో సహా అన్నీ రాసుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. రేపు లారీలో దిగుతాడు, నువ్వే చూసుకో.

నీ
నోరులేని వసపిట్ట


రేవు వీధి, ఇల్లు,
తీరిగ్గా కుర్చీలో కూర్చుని,
శుక్రవారం

నా తల్లీ,

ఏడు పొయ్యిలూ నీవే అయినందుకు ముందు నా సంతోషం. ఆ ఉత్తరం చదివి వీధిలోకి వెళ్ళి ఇద్దరికి చెప్పి వచ్చాను.

ఇక ఇక్కడి బాగోతం విను. మీ అన్నయ్య లారీ దిగి, కాళ్ళు కడుక్కోకుండా ఆ కాగితం పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు. "నీకో కొత్త విద్య నేర్పుతాను, శ్రద్ధగా విను" అన్నారు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే! పీతకి దూది వేళ్ళుంటాయని నాకు వేలు చూపించి మరీ చెప్పారు. "పన్నెండు నిమిషాలు, తొందరపడకు, నీకసలే తొందరెక్కువ" అన్నారు. నేను నోరు తెరుచుకుని, "అలాగా! అవునా!" అంటూ విన్నాను. ఒకచోట కావాలనే, "పచ్చిగా పెడితే ఏమవుతుందండీ?" అని కూడా అడిగాను. ఎంత పొంగిపోయారో!

గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. నీకు మనసులోనే దండం పెట్టాను.

మర్నాడు ఆయన రేవంతా ఇదే పాట. వలలు కుట్టేవాళ్ళకి చెప్పారు, ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర చెప్పారు. మూడో రోజు నా దుకాణం ముందే నిలబడి, నా కొనుగోలుదార్లకి చెప్పడం మొదలుపెట్టారు. "మా చెల్లెలు కనిపెట్టింది. ఈ రేవులో ఇంతమంది ఆడవాళ్ళున్నారు, పుట్టినదగ్గర్నుంచి పీతల మధ్యే ఉన్నారు, ఒక్కరికైనా తట్టిందా?" అన్నారు.

నేను చేపలు తూస్తున్నాను. తక్కెడ చేతిలో ఆగిపోయింది. ఏడేళ్ళు, అమ్మాయ్! ఆయన మధ్యాహ్నం కునుకు తీసినంతసేపూ పొయ్యి ముందు చెమటలు కక్కుతూ, చప్పుడు కాకుండా డిప్పలు ఎత్తుతూ, ఆవిరి వాసన బయటికి పోవాలని కిటికీలు తెరుస్తూ చేసిన పని. ఎవరూ మెచ్చుకోకపోయినా పరవాలేదనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకే తెలియదు, పరవా ఉందని.

"నాకు తట్టింది" అన్నాను. "ఏడేళ్ళ కిందటే తట్టింది. మీ చెల్లెలికి నేర్పింది నేను. మీరు తిన్నవన్నీ ఐసు పీతలే."

అలా నలుగురి ముందూ అనేశాను. గుట్టు విప్పుతావేమోనని ఇన్నాళ్ళూ నీకు భయపడి చచ్చాను, చివరికి విప్పింది నేను. ఇకమీదట నువ్వుగింజ మాట నీ దగ్గర ఎత్తను, నాకు ఆ అర్హత లేదు.

ఆయన లోపలికి వచ్చి ఫ్రీజరు తెరిచారు. ఎర డబ్బా మూత తీసి చూశారు. "చెరువాయన?" అన్నారు. లేడన్నాను. "మరి ఇద్దరు మగపిల్లలు?" వాళ్ళూ లేరన్నాను. ఆ మాటకి ఆయన నిజంగానే బాధపడ్డారు, ఎవరో పోయినట్టు. ఇంటికి వెళ్ళి పడుకున్నారు. పళ్ళెం ముందుకి రాలేదు. నేను కోపగించుకుని, ఆ తర్వాత ఏడ్చి, ఆ తర్వాత అన్నీ చెప్పాను. వదులైపోయిన చొక్కా సంగతీ చెప్పాను. గోడవైపు తిరిగి విన్నారు. ఆయన్ని నలుగురిలో చిన్నబుచ్చానే అని రాత్రంతా మేలుకునే ఉన్నాను.

ఇవాళ పొద్దున చేపల వేలం. పీతలు లేకపోయినా జనం ఉన్నారు. ఆయన పెట్టె ఎక్కి గంట కొట్టారు. నేను దుకాణంలోంచి తల ఎత్తలేదు.

"చేపలు తర్వాత" అన్నారు. "ముందు ఒక మాట. మీరు నన్ను నాలుక అంటారు. ఈ నాలుక ఏడేళ్ళు ఐసు పీతలు తిని, తాజావని పొగిడింది. తెలుసుకోలేకపోయింది. వాటిని పెట్టింది నా భార్య, ఆ కనపడే దుకాణంలో ఉంది. నాకోసం ఏడేళ్ళు తన కునుకు మానుకుంది. ఇంత పనితనం ఉన్నవాళ్ళు ఈ రేవులో ఇంకెవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఒకటోసారి!"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"రెండోసారి!"

ఆయన నావైపే చూస్తున్నారు. ముఖంలో నవ్వులేదు, గొంతు వణుకుతోంది. పన్నెండేళ్ళుగా వింటున్నాను, ఆయన గొంతు వేలంలో వణకడం ఎప్పుడూ వినలేదు.

"మూడోసారి!" అని గంట కొట్టేశారు. తర్వాత చేపల పాట మొదలుపెట్టారు. నేను చేతుల నిండా పొలుసులతో దుకాణం వెనక్కి వెళ్ళి, ఐసు పెట్టె మీద కూర్చుని, కరువుదీరా ఏడ్చాను.

నీ
వదిన